చదువు పెంచింది, మతం తుంచింది... ఇంతేనా?

ప్రశ్న: పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ‘స్త్రీ సమానత్వంపై విద్య, మతాల ప్రభావం’ అనే అంశం మీద సెమినార్ పేపర్ రాయాలి. ‘చదువు స్త్రీని పెంచింది, మతం తుంచింది’ అని మొదలుపెట్టి పన్నెండు పేజీలు రాశాను. గైడ్ మొదటి పేజీ మీదే ‘ఇది నినాదం, వాదన కాదు’ అని రాసి వెనక్కిచ్చారు. ఎక్కడ తప్పానో తెలియడం లేదు. ఓ పదిమంది స్త్రీలతో మాట్లాడదామనుకుంటున్నాను గానీ ఏం అడగాలో, ఎలా అడగాలో తోచడం లేదు. ఇంకో మాట. నేను దేవుణ్ణి నమ్ముతాను. ‘మరి నువ్వు ఫెమినిస్టువి ఎలా అవుతావు?’ అని క్లాసులో ఏడిపిస్తున్నారు. దానికీ నా దగ్గర జవాబు లేదు.

సమాధానం: మీ గైడ్ పొదుపుగా రాశారు గానీ మాట నిజమే. మీ వాక్యంలో ప్రాస కుదిరింది, చిక్కంతా అక్కడే వచ్చింది. పెంచింది, తుంచింది అనగానే చెవి ఒప్పేసుకుంటుంది, ఇక ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. మీరే వేసుకోండి. ఈ వాక్యం నిజమైతే ఏయే దేశాల్లో ఏం జరిగి ఉండాలి?

స్విట్జర్లాండ్‌తో మొదలుపెట్టండి. జ్యూరిక్ విశ్వవిద్యాలయం 1867లోనే నదేజ్దా సుస్లోవా అనే రష్యన్ యువతికి వైద్యశాస్త్రంలో డాక్టరేట్ ఇచ్చింది. తమ దేశాల్లో తలుపులు మూసేస్తే ఆడపిల్లలు అక్కడికి వెళ్లి చదువుకునేవాళ్లు. అక్షరాస్యతలో ఆ దేశానికి వంక పెట్టలేం. అలాంటి చోట 1959లో స్త్రీలకు ఓటు ఇద్దామా అని ప్రజాభిప్రాయం అడిగితే దాదాపు మూడింట రెండొంతుల ఓట్లు ‘వద్దు’ అని పడ్డాయి. జాతీయ స్థాయిలో ఓటు వచ్చింది 1971లో. అప్పెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న కాంటన్ (మన రాష్ట్రం లాంటిది) తన సొంత ఎన్నికల్లో 1990 దాకా మొండికేసింది, చివరికి సుప్రీంకోర్టు కల్పించుకోవాల్సి వచ్చింది. 1988లో కొత్త వివాహ చట్టం అమల్లోకి వచ్చేదాకా అక్కడ చట్టప్రకారం ఇంటి పెద్ద భర్తే. ఆ మొదటి డాక్టరేట్‌కీ జాతీయ ఓటుకీ మధ్య 104 ఏళ్లు గడిచాయి. కారణం ఏ చదువులోనూ లేదు. స్త్రీకి ఓటు ఇవ్వాలా వద్దా అని తేల్చే ఓటు పురుషుల దగ్గర మాత్రమే ఉంది. అడిగేది వీళ్లు, ఇచ్చేది వాళ్లు. ఎన్ని పట్టాలు సంపాదించినా ఆ ఓటు మాత్రం స్త్రీల చేతికి రాలేదు.

ఇప్పుడు మీ వాక్యం రెండో సగం చూడండి. ఫ్రాన్స్‌లో 1919లో దిగువ సభ స్త్రీల ఓటుకు ఒప్పుకుంది, 1922లో సెనేట్ తిరగ్గొట్టింది. అడ్డుపడ్డవాళ్లలో ముందు వరసలో ఉన్నది మతపెద్దలు కాదు. మతాన్ని ప్రభుత్వం నుంచి విడదీయాలని గట్టిగా నిలబడ్డ రాడికల్ పార్టీ నాయకులే! స్త్రీలకు ఓటిస్తే చర్చి చెప్పినట్టు వేస్తారని వాళ్ల భయం. ఓటు 1944లో గానీ రాలేదు. భర్త అనుమతి లేకుండా పెళ్లయిన స్త్రీ ఉద్యోగం చేయడానికి, సొంతంగా బ్యాంకు ఖాతా తెరవడానికి 1965 చట్టం కావాల్సి వచ్చింది. న్యూజిలాండ్‌లో తిరగబడిన బొమ్మ కనిపిస్తుంది. జాతీయ ఎన్నికల్లో స్త్రీలకు ఓటిచ్చిన మొదటి దేశం అది, 1893లో. ఆ ఏడు సేకరించిన దాదాపు 32,000 సంతకాల వెనక ఉన్నది క్రైస్తవ మహిళల మద్యనిషేధ సంఘం. ఊరూరా కూడే చోటు, చందాలు, ఇంటింటికీ తిరిగే అలవాటు వాళ్లకు అప్పటికే ఉన్నాయి. ఆ సంఘం నాయకురాలు కేట్ షెపర్డ్ వాటిని ఓటు పోరాటానికి మళ్లించారు.

చదువుకున్న దేశం ఓటు ఆపింది, మతాన్ని దూరం పెట్టినవాళ్లు ఓటు ఆపారు, మత సంఘం ఓటు తెచ్చింది. ‘చదువు మంచిదా, మతం చెడ్డదా’ అన్న ప్రశ్నతో ఈ మూడూ ఒకచోట కుదరవు. ‘ఎవరు నిర్ణయిస్తున్నారు?’ అని అడిగితే మూడూ ఒకే తీగకు కాస్తాయి. మీ పేపర్‌కు ఆ ప్రశ్నే వెన్నెముక కావాలి. స్త్రీ గురించి చేసే నిర్ణయంలో, చదివే వచనంలో, వేసే సంతకంలో స్త్రీకి చోటుందా? చదువు ఆ చోటు ఇచ్చినప్పుడు పని చేసింది, ఇవ్వనప్పుడు గోడకు వేలాడే పట్టాగా మిగిలింది. మతం సంగతీ అంతే.

ఇక రాయడం. ‘చదువు’ అనే మాటను కనీసం నాలుగు ముక్కలు చేయండి. బడిలో చోటుందా, ఏం నేర్పుతున్నారు, చదివినదాన్ని గుర్తిస్తున్నారా, చదివాక అది దేనిగా మారుతోంది. మొదటి ముక్క మీదే అందరూ పేజీలు నింపుతారు, ఎందుకంటే అంకెలు సులువుగా దొరుకుతాయి. అసలు సంగతులు మిగతా మూడింటిలో ఉంటాయి.

ఏం నేర్పుతున్నారన్నదానికి జపాన్ మంచి ఉదాహరణ. 1899లో ఆడపిల్లల ఉన్నత పాఠశాలల కోసం అక్కడి ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వు తెచ్చింది. బడులు పెరిగాయి. కానీ ఆ బడుల ఆశయం ‘మంచి భార్య, వివేకం గల తల్లి’ని తయారుచేయడం. యూరప్‌లో తత్వవేత్త రూసో 1762లో ఊహించిన ఆడపిల్ల చదువూ ఇలాంటిదే. మగవాణ్ణి మెప్పించడానికీ, సుఖపెట్టడానికీ ఎంత కావాలో అంత. మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ అనే ఇంగ్లిష్ రచయిత్రి 1792లో దుమ్మెత్తిపోసింది దీన్నే. ఆమె అడిగింది ఊరికే ‘ఆడపిల్లల్ని బడికి పంపండి’ అని కాదు, మగపిల్లల పక్కన కూర్చోబెట్టి అదే పాఠం చెప్పమని. ఈ తేడా మీ పేపర్‌లో రాకపోతే మొదటి అధ్యాయం మళ్లీ నినాదమే అవుతుంది. బడి ఎవరి చేతిలో ఉందో కూడా రాయండి. సౌదీ అరేబియాలో 1960లో ఆడపిల్లలకు ప్రభుత్వ బడులు మొదలైనప్పుడు వాటిని విద్యాశాఖకు ఇవ్వలేదు, మతపెద్దల ఆధ్వర్యంలో వేరే శాఖ పెట్టారు. 2002లో మక్కాలోని ఒక బడిలో అగ్నిప్రమాదం జరిగి 15 మంది బాలికలు చనిపోయాక దాన్ని విద్యాశాఖలో కలిపారు. చదువు, మతం అని మీరు రెండు అధ్యాయాలుగా విడగొట్టారు చూశారా, అక్కడ రెండూ ఒకే భవనంలో ఉన్నాయి.

గుర్తింపు విషయంలో ఒక్క ఉదాహరణ చాలు, కాకపోతే దాన్ని దగ్గరగా చూపించండి. 1890 కేంబ్రిడ్జి గణిత పరీక్ష. అందులో మొదటి స్థానం వచ్చినవాణ్ణి ‘సీనియర్ రాంగ్లర్’ అంటారు. ఆ ఏడు ఫలితాలు చదువుతూ ఫిలిప్పా ఫాసెట్ పేరు దగ్గర ‘సీనియర్ రాంగ్లర్ కంటే పైన’ అని ప్రకటించారు. అంటే ఆమెకు మొదటి స్థానం రాలేదు, మొదటి స్థానం కన్నా పై స్థానం వచ్చింది! స్త్రీల ఫలితాలు విడిగా చదివేవాళ్లు, స్త్రీలకు డిగ్రీ ఇచ్చేవాళ్లు కాదు. ఆమె ఫలితం ప్రకటించగలరు గానీ ఆ బిరుదు ఇవ్వలేరు. కేంబ్రిడ్జి స్త్రీలకు పూర్తి డిగ్రీలు ఇచ్చింది 1948లో.

చివరి ముక్కకు అంకెలు వాడొచ్చు. వరల్డ్ ఎకనమిక్ ఫోరమ్ 2024 నివేదిక 146 దేశాలను కొలిచింది. స్త్రీ పురుషుల మధ్య అంతరం చదువులో 94.9 శాతం పూడింది, ఆర్థిక రంగంలో 60.5 శాతం, రాజకీయాధికారంలో 22.5 శాతం. ఈ మూడంకెలూ పక్కపక్కన పెడితే పాఠకుడికి మీరు వేరే ఏమీ చెప్పక్కర్లేదు. కానీ ఒక జాగ్రత్త. ఈ సూచీ కొలిచేది అంతరాన్ని, స్థాయిని కాదు. ఒక దేశంలో అబ్బాయిలూ అమ్మాయిలూ సమానంగా చదువుకు దూరమైనా అంతరం లేనట్టే చూపిస్తుంది. దీన్ని ‘చదువు 94.9 శాతం అందింది’ అని రాసేవాళ్లు బోలెడుమంది. మీరు రాయకండి. 2023లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. సంపన్న దేశాల్లో స్త్రీలు చదువులో పురుషుల్ని దాటేశాక కూడా మిగిలిన జీతాల తేడాలో ఎక్కువ భాగం మొదటి బిడ్డ పుట్టాక మొదలవుతుందని ఆమె చూపించారు. పట్టా ఇద్దరిదీ ఒకటే. రాత్రీ పగలూ పిలిస్తే పలికే ఉద్యోగానికి ఎక్కువ జీతం, ఇంట్లో పిల్లకు జ్వరం వస్తే ఎవరో ఒకరు అలా పలకలేరు. ఆ ఒకరు ఎవరన్నది బడి తేల్చదు, ఇల్లు తేలుస్తుంది.

మతం అధ్యాయానికి వద్దాం. మీ డ్రాఫ్ట్‌లో ఎక్కువ తప్పులు దొర్లింది ఇక్కడేనని నా అనుమానం. గ్రంథంలో ఉన్న మాట, దానికి చెప్పిన వ్యాఖ్యానం, ఊళ్లో నడిచే ఆచారం, మత సంస్థ పెట్టిన నియమం, ప్రభుత్వం రాసిన చట్టం. ఈ ఐదింటినీ ‘మతం’ అనే ఒక్క సంచిలో వేశారంటే, ఎవరైనా లేచి ‘మా గ్రంథంలో అలా లేదు’ అనగానే మీ పేపర్ కూలిపోతుంది. పైగా ఆయన చెప్పింది నిజమే కావచ్చు. గ్రంథంలో లేకపోయినా ఆచారంలో ఉండొచ్చు, ఆచారంలో పోయినా చట్టంలో మిగలొచ్చు.

ఒకే ఒక్క నియమం తీసుకుని ఈ ఐదింటి గుండా నడిపించండి. బహుభార్యత్వం, ట్యునీషియా తీసుకుంటే బాగా పనికొస్తుంది. 1956 మార్చిలో స్వాతంత్ర్యం వచ్చింది, ఆగస్టు 13న కొత్త కుటుంబ చట్టంలో బహుభార్యత్వాన్ని నిషేధించారు. మతాన్ని పక్కన పెట్టి చేశామని చెప్పలేదు. ఖురాన్ నాలుగో అధ్యాయం మూడో వచనం, భార్యల మధ్య న్యాయంగా ఉండలేమని భయపడితే ఒక్కరినే చేసుకోమంటుంది. అదే అధ్యాయం 129వ వచనం, మీరు ఎంత కోరుకున్నా వాళ్ల మధ్య సమంగా ఉండలేరంటుంది. రెండూ కలిపి చదివితే అనుమతికి పెట్టిన షరతు తీరేది కాదు, కాబట్టి అనుమతీ లేదు అన్నది సంస్కర్తల వాదన. అవే వచనాలు చదివి అనుమతి ఉందన్న పండితులు శతాబ్దాలుగా ఉన్నారు. వచనం మారలేదు. చదివినవాళ్లు మారారు, చదివినవాళ్ల చేతిలో చట్టం రాసే అధికారం ఉంది. అదే ట్యునీషియాలో కూతురి వారసత్వ వాటా కొడుకు వాటాలో సగమే. సమానం చేయాలన్న బిల్లుకు 2018లో మంత్రివర్గం ఒప్పుకుంది, బిల్లు చట్టం కాలేదు. బహుభార్యత్వం దగ్గర దొరికిన వ్యాఖ్యానపు సందు ఇక్కడ అంత తేలిగ్గా దొరకలేదు, ఎందుకంటే వాటాల వచనం లెక్క కట్టి చెబుతుంది. పైగా ఇది ప్రతి ఇంట్లో ఆస్తి వ్యవహారం. ఇలా ఒక దేశంలోనే ఒకటి కదిలి మరొకటి ఎందుకు కదల్లేదో చెప్పగలిగితే, గైడ్ ఆ పేజీ మీద ‘నినాదం’ అని రాయలేరు.

ఇండోనేషియాలో 2017లో స్త్రీ మత పండితులు చిరెబొన్‌లో మహాసభ పెట్టి, బాల్య వివాహాల్ని అరికట్టడం మతపరమైన బాధ్యతని తీర్పు చెప్పారు. 2019లో చట్టం అమ్మాయిల పెళ్లి వయసును 16 నుంచి 19కి పెంచింది. మహాసభ వల్లే చట్టం మారిందని రాసేయకండి, మధ్యలో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఉంది, ఏళ్ల తరబడి సంఘాల పని ఉంది. చట్టం మారాక మినహాయింపు కోరుతూ కోర్టుకు వెళ్లే కుటుంబాలు పెరిగాయి, అదీ రాయండి. అఫ్గానిస్థాన్‌లో 2022 డిసెంబరులో స్త్రీలకు విశ్వవిద్యాలయాలు మూసేసినప్పుడు కైరోలోని అల్ అజహర్ ఇస్లామిక్ విద్యాపీఠం పెద్ద ఇమామ్ అది షరియాకే విరుద్ధమని ఖండించారు. ‘ఇస్లాం చదువు వద్దంటుంది’ అనే వాక్యం మీ డ్రాఫ్ట్‌లో ఉంటే ఇప్పుడే కొట్టేయండి. ‘ఇస్లాం చదువుకోమంటుంది కాబట్టి సమస్య లేదు’ అనే వాక్యమూ కొట్టేయండి. బడి తాళం ఎవరి దగ్గర ఉందో ఆ రెండు వాక్యాల్లో ఏదీ చెప్పదు.

దేశాల్ని పోల్చేటప్పుడు మరో పొరపాటు జరుగుతుంది. భక్తి ఎక్కువున్న దేశాలు ఒక వైపు, తక్కువున్నవి ఒక వైపు పెట్టి, అటు అసమానత ఎక్కువని చూపిస్తారు. మొదటి గుంపులో చాలా దేశాలు పేదవి, కొన్ని యుద్ధాల్లో చితికినవి, కొన్ని చమురు మీద బతికేవి. చమురు దేశంలో ఆడవాళ్ల జీతం లేకపోయినా ఇల్లు గడుస్తుంది, అందుకని ఉద్యోగాల్లో స్త్రీలు తక్కువ ఉండొచ్చు. అది మతం పనా, చమురు పనా? ఈ పద్ధతిలో తేలదు. ఒకే మతంలో రెండు దేశాల్నో, ఒకే దేశంలో రెండు కాలాల్నో పోల్చండి. ఐక్యరాజ్య సమితి 1979 నాటి స్త్రీ వివక్ష నిర్మూలన ఒప్పందం మీద దేశాలు పెట్టిన మినహాయింపులు చదవండి. పెళ్లి, కుటుంబం గురించి చెప్పే 16వ అధికరణం మీద ఎవరు ఏ కారణం రాశారో వరసగా దొరుకుతుంది. చదువు గురించి చెప్పే 10వ అధికరణం మీద అలాంటి అభ్యంతరాలు చాలా తక్కువ. బడికి పంపడానికి దాదాపు అందరూ సంతకం పెట్టారు, చాలామంది ఇంటి గడప దగ్గర ఆగిపోయారు. ఇది రెండు పేజీల విషయం, మీ క్లాసులో ఇంకెవరూ చూసి ఉండరు.

ఇక మీ పదిమంది సంగతి. పదీ పన్నెండు మంది సరిపోతారు, కానీ దొరికినవాళ్లని కాకుండా జంటలుగా ఎంచుకోండి. ఒకే ఇంటి అక్కచెల్లెళ్లలో ఒకరు బాగా చదువుకుని, ఇంకొకరు మధ్యలో ఆపేసిన జంటలు మూడు. ఇల్లు, మతం, డబ్బు ఒకటే, చదువు వేరు. ఒకే పట్టా ఉండి ఆచారాలు గట్టిగా పాటించేవాళ్లు ఒకరు, పాటించనివాళ్లు ఒకరు ఉన్న జంటలు మూడు. చదువు ఒకటే, ఆచరణ వేరు. ఇలా చేయకపోతే మీరు కనిపెట్టింది చదువు ప్రభావమో, డబ్బు ప్రభావమో మీకే తెలియదు.

‘మతం మిమ్మల్ని అణచివేస్తోందా?’ అని అడిగితే ‘అబ్బే, లేదండీ’ అంటారు. ‘మీ ఇంట్లో సమానత్వం ఉందా?’ అంటే ‘ఉంది’ అంటారు. అభిప్రాయం అడక్కండి, చివరిసారి జరిగింది అడగండి. మీకు చివరిసారి ఒంట్లో బాగాలేనప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలని ఎవరు తేల్చారు? ఈమధ్య ఇంట్లో కొన్న పెద్ద వస్తువు ఏది, కొనాలన్నది ఎవరు, డబ్బు ఎవరి ఖాతాలోంచి వెళ్లింది? పుట్టింటికి వెళ్లాలంటే చెప్పి వెళ్తారా, అడిగి వెళ్తారా? (తెలుగులో ఈ రెండు క్రియలకీ మధ్య ఉన్న దూరం మీద ఒక అధ్యాయమే రాయొచ్చు.) చాలా దేశాల్లో జరిగే జనాభా ఆరోగ్య సర్వేల్లోనూ ఈ మూడింటి గురించే అడుగుతారు, కాబట్టి మీ జవాబుల్ని వాటి పక్కన పెట్టి చూసుకోవచ్చు.

మతం గురించి నాలుగు ప్రశ్నలు చాలు. ఈ నియమం మీకు ఎవరు చెప్పారు? ఎక్కడ రాసి ఉందో మీరు చూశారా? ఎప్పుడైనా తప్పారా? తప్పితే ఏమైంది? నాలుగోది ముఖ్యం. ‘ఏమీ కాలేదు, నాకే మనసొప్పలేదు’ అంటే అది నమ్మకం. ‘అత్తగారు నెల రోజులు మాట్లాడలేదు’ అంటే అది శిక్ష. మీ పట్టికలో రెండింటికీ వేర్వేరు గళ్లు ఉండాలి.

ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. గదిలో భర్తో, అత్తగారో, చివరికి స్నేహితురాలో ఉన్నా జవాబు మారిపోతుంది. ముప్పావు గంట దాటనివ్వకండి. ముందే అనుమతి తీసుకోండి, పేర్లు ఒక కాగితం మీద, జవాబులు వేరే కాగితం మీద ఉంచండి. హింస ప్రస్తావన వస్తే తవ్వకండి. వినండి, సాయం దొరికే చోటు వివరాలు ముందే దగ్గర పెట్టుకుని ఇవ్వండి, ఆ భాగం పేపర్‌లో వాడొద్దు. ఫలితం రాసేటప్పుడు ‘75 శాతం స్త్రీలు’ అని రాశారో, పరువు పోతుంది. ‘12 మందిలో 9 మంది’ అని రాయండి.

ఇంటర్వ్యూలు కుదరకపోతే పాఠ్యపుస్తకం లెక్క చాలా మంచి ప్రత్యామ్నాయం. ఏదో ఒక తరగతి తెలుగు వాచకం తీసుకోండి. కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: పేజీ, వ్యక్తి, స్త్రీయా పురుషుడా, క్రియాపదం. బొమ్మలు లెక్కపెట్టి ఊరుకుంటారు చాలామంది. గుంపు బొమ్మలో ఎవరు ఎవరో తెలియదు, పైగా బొమ్మల్లో సమానం చేసేయడం ప్రచురణకర్తకు తేలిక. క్రియలు దాచలేరు. ఎవరు కనిపెట్టారు, ఎవరు వడ్డించారు, ఎవరు ఏడ్చారు. మన భాషలో ఇంకో సదుపాయం ఉంది. ‘ఆమె వచ్చింది, బస్సు వచ్చింది’ అంటాం, స్త్రీకీ వస్తువుకీ ఏకవచనంలో క్రియ ఒకటే. గౌరవం ఇస్తేనే ‘వచ్చారు’ అవుతుంది. వాచకంలో ఎవరికి ‘చేశారు’ దక్కింది, ఎవరు ‘చేసింది’ దగ్గర ఆగారు, ఎవరు ‘చేశాడు’ అయ్యారు అని మరో గడి పెట్టి లెక్కపెట్టండి. లెక్క మొదలుపెట్టకముందే నియమాలు రాసుకోండి, దేవతలు లెక్కలోకి వస్తారా, జంతువుల కథల్లో ఆడ నక్క వస్తుందా అని. పది పేజీలు ఇంకొకరి చేత విడిగా లెక్కపెట్టించండి. మీ లెక్కకీ వాళ్ల లెక్కకీ పదింట ఒకటి కన్నా ఎక్కువ తేడా వస్తే తప్పు మీ నియమాల్లో ఉంది, వాళ్లలో కాదు.

మీ సొంత ప్రశ్నకు వస్తాను. నమ్మే స్త్రీ ఫెమినిస్టు కాగలదా? చరిత్రలో మొదటి వరసలో ఉన్నది చాలావరకు వాళ్లే. అమెరికాలో 1837లో మసాచుసెట్స్ పాస్టర్లు స్త్రీలు బహిరంగ సభల్లో మాట్లాడటం తప్పని లేఖ విడుదల చేస్తే, క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన సారా గ్రిమ్‌కే బైబిల్‌తోనే జవాబిచ్చారు. అనువాదాలు చేసింది పురుషులు, స్త్రీలకు గ్రీకు, హీబ్రూ నేర్చుకునే అవకాశం ఇస్తే వేరే అర్థాలు బయటికొస్తాయన్నది ఆమె మాట. లూసీ స్టోన్ ఓబర్లిన్ కాలేజీకి వెళ్లి ఆ భాషలు నేర్చుకుని మూలంలో చూసుకున్నారు. 1847లో పట్టా పుచ్చుకునేటప్పుడు స్నాతకోత్సవ ప్రసంగం రాయమన్నారు, కానీ సభలో స్త్రీ చదవకూడదు, మగవాళ్లు చదువుతారన్నారు. ఆమె రాయనన్నారు. మన దగ్గర పండిత రమాబాయి సంస్కృతం ఇంట్లోనే నేర్చుకుని, 1878లో కలకత్తా పండితుల ముందు నిలబడి ఆ బిరుదు తెచ్చుకున్నారు. శాస్త్రాలు స్వయంగా చదివాకే వాటితో పేచీ పెట్టుకున్నారు. 1883లో క్రైస్తవం తీసుకున్నారు, అక్కడా ఊరుకోక బైబిల్‌ను మూలభాషల నుంచి మరాఠీలోకి తెచ్చారు. రెండు మతాల్లోనూ ఆమె వదలనిది ఒకటే, మూలం నేనే చదువుతాను అన్న పట్టు. బెర్లిన్‌లో రెజీనా యోనాస్ ‘స్త్రీ రబ్బీ (యూదు మతగురువు) కావచ్చా’ అన్న ప్రశ్ననే పరిశోధన అంశంగా తీసుకుని ధర్మశాస్త్రం నుంచే ‘కావచ్చు’ అని తేల్చి, 1935లో రబ్బీ అయ్యారు. టిబెటన్ బౌద్ధంలో అత్యున్నత పట్టా స్త్రీలకు అందకుండా ఉండేది. పరీక్షలకు అనుమతించాక, నాలుగేళ్ల వరస పరీక్షలు రాసి 2016లో 20 మంది భిక్షుణులు దాన్ని అందుకున్నారు. చదువు, మతం నిజంగా కలిసేది ఇక్కడే.

అలాగని వ్యాఖ్యానంతో అన్ని తలుపులూ తెరుచుకుంటాయని మాత్రం చెప్పకండి. కొన్ని సంస్థలు ఇక చర్చే లేదంటాయి. కాథలిక్ చర్చి స్త్రీలను పూజారులుగా చేయడం గురించి 1994లో అలాగే అంది. అమెరికాలో ఎలిజబెత్ కేడీ స్టాంటన్ బైబిల్‌లో స్త్రీల ప్రస్తావన ఉన్న చోట్లకు ఘాటైన వ్యాఖ్య రాస్తే, 1896లో ఓటు హక్కు సంఘమే 53 – 41 ఓట్లతో ఆ పుస్తకంతో తమకు సంబంధం లేదని తీర్మానించింది. ఆమె ఆ సంఘం పూర్వ అధ్యక్షురాలు! ఉండి మార్చినవాళ్లూ ఉన్నారు, విసిగి బయటికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. వెళ్లినవాళ్లని తక్కువ చేసి మీ భక్తిని నిలబెట్టుకోకండి. మీ స్నేహితులకు జవాబు కావాలంటే ఇంతే చెప్పండి: ‘నేను దేవుణ్ణి నమ్ముతాను, దేవుడి తరఫున మాట్లాడేవాళ్లందర్నీ నమ్మాలని రూలు లేదు.’

సెమినార్‌లో మూడు ప్రశ్నలు తప్పక వస్తాయి. ‘మేం స్త్రీని దేవతగా పూజిస్తాం కదా’ అంటారు. ఏథెన్స్ నగరానికి పేరూ రక్షణా ఎథీనా దేవివే, ఆ నగర సభలో మాత్రం ఒక్క స్త్రీకీ ఓటు లేదు. ‘ఫెమినిజం పాశ్చాత్యుల సరుకు’ అంటారు. రమాబాయి 1882లో విద్యా కమిషన్ ముందు స్త్రీలకు స్త్రీ ఉపాధ్యాయులు, స్త్రీ వైద్యులు కావాలని వాదించిన నాటికి స్విస్ స్త్రీల జాతీయ ఓటుకు ఇంకా 89 ఏళ్లుంది. ‘ఆడదానికి ఆడదే శత్రువు’ అని మూడోది. దీనికి కోపం తెచ్చుకోకండి, సామాజికశాస్త్రవేత్త డెనిజ్ కాండియోటి 1988 వ్యాసం గురించి చెప్పండి. కోడలిగా ఏళ్ల తరబడి అణిగి ఉన్న స్త్రీకి ఆ వ్యవస్థ ఇచ్చే ఒకే ఒక్క ప్రతిఫలం, వయసు మళ్లాక కోడలి మీద అధికారం. కోడలు నియమం తప్పితే ఆమెకు తన పెట్టుబడి మునిగినట్టు అనిపిస్తుంది. ఆ కోపం స్త్రీ స్వభావం కాదు, లెక్క.

పేజీల పంపకం ఇలా చేయండి. పన్నెండులో ఒకటి ప్రశ్నకు, మూడు చదువుకు, మూడు మతానికి (ట్యునీషియాకే ఒకటిన్నర), నాలుగు మీరు సేకరించినవాటికి, మిగిలింది మీ పద్ధతిలో లోపాలు ఒప్పుకోవడానికి. మొదటి వాక్యం 1867తో, రెండోది 1971తో మొదలవనివ్వండి. సమర్పించేటప్పుడు మీరు చేత్తో నింపిన గళ్ల కాగితాలు, పేర్లు తీసేసి, వెనక జతచేయండి. మీ గైడ్ ముందు తిరగేసేది వాటినే.